కుర్చీల లెక్క

జిల్లా సంఘాల సమాఖ్య మూడు గంటలుగా
ఒక్క మాట దగ్గరే కూలబడింది:
ప్రభువు బల్ల దగ్గరికి ఎవరెవరు రావచ్చు?
లూథరన్ పాస్టరమ్మ సోల్వైగ్ కళ్లజోడు తుడిచిందే తుడుస్తోంది.
ఉక్రేనియన్ పాదిరి ఓస్తాప్ గడ్డం నిమురుకుంటున్నాడు.
మెనొనైట్ పెద్దాయన నోరు మెదపడు,
అదే ఆయన అభ్యంతరం.
బయట సస్కాచెవాన్ గోధుమ చేల మీద
మైనస్ ముప్పై నాలుగు.

నేను కింది గదిలో కుర్చీలు సర్దుతున్నాను.
రేపు హల్యా ముసలమ్మ భూస్థాపన,
ఆమె గుడిలో చాలినన్ని లేవు.
ఏ గుడిలోనూ ఎప్పుడూ చాలినన్ని లేవు.

అడుగున రంగు చుక్కలుంటాయి:
ఎరుపు లూథరన్లది, నీలం కాథలిక్కులది,
మెనొనైట్లది పచ్చ.
ముప్పై ఏళ్ల చావులకీ పెళ్లిళ్లకీ
పికప్ ట్రక్కుల్లో ఎక్కి దిగి
ఇంటి దారి మరిచిపోయాయి.
ఒకదానికి మూడు చుక్కలు, ఒకదాని మీద ఒకటి.
నాదంటే నాదని
ఎవరో పట్టుబట్టిన గుర్తు.
కూర్చుంటే కిర్రుమంటుంది, అంతే.

పైనుంచి కబురు:
బల్ల సంగతి వచ్చే ఏటికి వాయిదా.
కాఫీ ఉందా?

ఉంది.
కుర్చీలు నూటపన్నెండు, లెక్క సరిపోయింది.
ఎవరివెన్ని అని మాత్రం
నన్నడక్కండి.