పదకొండో ముక్క

ప్రభుత్వం పారిపోతున్న బొమ్మ
సోమవారం చీకటి పడ్డాక మా బల్లల మీదికి వచ్చింది.
గురువారానికి అచ్చుకి పోవాలి.
న్యూయార్క్‌లో వాన. కింద వీధిలో
గెలిచినవాళ్ళ బ్యాండుమేళం ఇంకా ఆగలేదు.

అరచేతంత బాక్స్‌వుడ్ ముక్కలు పదహారు
వెనక మరలతో బిగించి, ఒక్క బొమ్మ గీసి,
మళ్ళీ మరలూడదీసి పంచుతారు.
ఎవరి ముక్క వాళ్ళది.
మంత్రుల టోపీలూ గడ్డాలూ ట్రెంచర్డ్‌వి,
ముఖాలు ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు.
ఆకాశం, తగలబడుతున్న ఊరి పొగ ఆస్మస్‌వి.
నాకు పదకొండు:
బురద, బండి చక్రం, రెండు కంచరగాడిదల నడుములు,
చెల్లని నోట్ల పెట్టెకి కాపలా నడుస్తున్న
ఇద్దరు కుర్రాళ్ళ జోళ్ళు లేని పాదాలు,
పగ్గాలు పట్టుకున్న మనిషి.

వాళ్ళు ఏం మోసుకుపోయారో అంతా ఉంది బొమ్మలో.
రాజముద్ర, లక్క, లెడ్జర్లు,
ఒకాయన ఒళ్ళో గోడగడియారం,
గోడ మేకుతో సహా.

మా జోతమ్ పీటర్స్‌బర్గ్ కందకంలో పోయాడు.
వీళ్ళ పరుగు చూసి కడుపారా నవ్వుకుందామనుకున్నాను.
నవ్వు రాలేదు.
చక్రం ఆకులు లెక్కపెట్టాను. పద్నాలుగు. ఒకటి విరిగింది.

మంత్రుల పేర్లు కింద అంకెలు వేసి రాశారు.
బండివాడికి అంకె లేదు.
స్కెచ్ అంచున పెన్సిల్‌తో ఒక మాట:
‘నల్లవాడు. ముఖం అక్కర్లేదు.’

మా పనిలో నలుపంటే ఏమీ చెయ్యకపోవడం.
ఉలి తాకనిచోటే సిరా అంటుతుంది,
తెలుపు కావాలంటేనే తవ్వాలి.
అంటే, ఆ మనిషిని వదిలెయ్యమని.

నీళ్ళు నింపిన గాజుగోళాన్ని దీపం ముందుకి జరిపి
వెలుగుని నాణెమంత చేసుకున్నాను.
ముక్కు మీద ఒక గీత తీశాను, అంతే అనుకున్నాను.
తర్వాత చెంప. తర్వాత కన్ను.
కన్ను తీశాక ఆపడం కష్టం,
రెండోది అడుగుతుంది.

చెక్క మీద అంతా తిరగబడి ఉంటుంది.
కాగితం మీద వాళ్ళు దక్షిణానికి పోతారు గానీ
ఆ రాత్రి నా బల్ల మీద ఉత్తరానికే,
మా ఇంటివైపే వస్తున్నారు.
ఆయన ఒక్కడే తలెత్తి చూస్తున్నాడు.

ఇక పగ్గాలు.
రెండు నల్లగీతలు, వెంట్రుకంత చెక్క.
అటూ ఇటూ తెలుపు ముందే తీసేశాను.
ఉలి జారిందని చెప్పుకోవచ్చు.
జారలేదు.
పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయని
నాలుగేళ్ళు రాశాయి పత్రికలన్నీ.
ఆ రోడ్డు మీద ఈయన చేతిలో ఉన్నాయి.
వదిలేశాడు.
ఖాళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టాను,
వేళ్ళు కాస్త విప్పి.

గురువారం పొద్దున మరలు బిగించారు.
ఎంత బిగించినా ముక్కకీ ముక్కకీ మధ్య
సన్నటి తెల్లగీత మిగులుతుంది.
అది ఆయనకీ మంత్రులకీ మధ్య పడింది.
అది నేను చేసింది కాదు.

ట్రెంచర్డ్ భూతద్దంతో టోపీలన్నీ చూసుకున్నాడు.
గడియారం చూశాడు, పొగ చూశాడు,
నా దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగాడు.
"బురద బాగా వచ్చింది" అన్నాడు.

ఆ వారం అరవై వేల కాగితాల మీద
గాడిదలు వాటంతటవే నడిచాయి.