నీలం చీటీ

బాల్టిమోర్, జనవరి. జైలు గేటు పక్క గదిలో
నా ఉద్యోగం చీటీలు తీయడం.
నీలం వస్తే పదమూడు వారాలు, వారానికి డెబ్బై డాలర్లు.
తెలుపు వస్తే బస్సు టికెట్టు, ఒక కరచాలనం.
ఎవరికేది, ఎందుకని అడగకూడదు. అది పరిశోధన.

లూషస్ టాలివర్‌కి నీలం.
మొదటి వారం పుచ్చిన పన్ను పీకించుకున్నాడు.
రెండో వారం బూట్లు, ముందు ఉక్కు ఉన్నవి.
మూడో వారం ఏమీ కొనలేదు.
"నాలుగు రోజులు పడుకునే ఉన్నా మేడమ్,
తలుపు గడియ నా వైపే ఉంది" అన్నాడు.
దొరికిన మొదటి పని కాదన్నాడట,
కాదనేందుకు జేబులో డబ్బుంది గనక.
ఐదో వారం ఓడరేవులో చేరాడు.

ఆరేళ్ళు అతని పై మంచం మీద పడుకున్న
ఆర్విల్ పీక్‌కి తెలుపు.
పదకొండో రోజు, ఎవరిదో కారు బ్యాటరీ.
చలికి వేళ్ళు కొంకర్లు పోయి స్పానర్ జారింది,
ఆ చప్పుడుకే దొరికిపోయాడు.
అమ్మితే పంతొమ్మిది డాలర్లు. శిక్ష రెండేళ్ళు,
తిండీ దుప్పటీ కాపలా సర్కారువే.
నా కిటికీ ముందునుంచే లోపలికి తీసుకెళ్ళారు.
పాత పరిచయస్తుడిలా తలూపాడు.
ఆ రోజు నా డబ్బాలో రెండు రంగులూ ఉన్నాయని
అతనికి తెలీదు.

చెట్లు చిగురించే వేళకి లెక్క తేలింది:
డబ్బందినవాళ్ళలో దొంగతనానికి తిరిగొచ్చింది
నూటికి ఎనిమిదిమంది తక్కువ.
"ఎనిమిదేనా?" అన్నాడు పైనుంచొచ్చిన పెద్దమనిషి
కళ్ళజోడు తుడుచుకుంటూ.

బల్ల కింద నేను వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను.
ఎనిమిదీ ముడిచాక
బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి,
చీటీ తీసినవి.