తూముకి తొడుగు

ఆరో నంబరు తూమంటే
ఒక్క పొలం రాదు, పదిహేడొస్తాయి:
యాళ్ళ నూకరత్నం శివారు ఎకరంన్నర,
చిక్కం అన్నదమ్ముల మూడు ముక్కలు,
చర్చి మాన్యం,
ఎవరిదో ఇప్పటికీ తేలని రెండు కుంచాల చవిటినేల,
ఇంకా.
పేరు ఒకటి, దాని కింద తడవాల్సినవి ఎన్నో.

రాజోలు సెక్షనాఫీసులో
ఈ పేర్లనీ పొలాల్నీ కంప్యూటరుకి అప్పజెప్పడం నా కొలువు.
నాకు ముందున్న కుర్రాడు ఒక సంచి కుట్టి వెళ్ళాడు.
నడుస్తోంది. ఎలాగో ఎవరికీ తెలీదు.
"దాన్ని మాత్రం కదపకమ్మా" అన్నారు ఏఈ గారు,
తుప్పు పట్టిన లాకు తలుపు గురించి అన్నట్టు.

కదపలేదు. తొడిగాను.
అదే ఆకారం, అవే పిలుపులు.
పెట్టమంటే పెడుతుంది, ఇమ్మంటే ఇస్తుంది,
మధ్యలో తనదంటూ ఒక్క పని:
ఎవరు ఏ పొలం ఎప్పుడు చేర్చారో చిట్టా రాసుకుంటుంది.
దానిమీద ఇంకోటి.
ఒకే సర్వే నంబరు రెండోసారి వస్తే గుమ్మంలోంచే పంపేస్తుంది.
ఆపైన మరోటి.
వంతు మొదలయ్యాక చేర్పుల్లేవు పొమ్మంటుంది.
బయటివాడికి ఎప్పటి సంచే.
లోపలిదానికి
తనమీద ఇన్ని చొక్కాలున్న సంగతే తెలీదు.

మొదటిసారి వరస తప్పాను.
రాసేది బయటికి, వడకట్టేది లోపలికి వెళ్ళాయి.
వెనక్కి పోయినవి కూడా చేరినట్టే రాసుకుంది చిట్టా.
ఒక పూటంతా చర్చి మాన్యం రెండింతలైంది.
పాస్టరు గారు సంతోషించేలోపు
విప్పి, మళ్ళీ తొడిగాను.

దాళ్వా. మాఘమాసం. నాలుగో వంతు.
నూకరత్నం వచ్చి ఏమీ అనకుండా
నెర్రెలిచ్చిన మట్టిపెళ్ళ ఒకటి నా బల్లమీద పెట్టింది.
తెరమీద ఆరో తూము కింద పంతొమ్మిది పొలాలు.
చిట్టాలో పదిహేడే.
మూడు తొడుగులూ చెక్కుచెదరలేదు.

లస్కరు గెడ్డం సువార్తరాజు
పార కడుక్కుంటూ అన్నాడు:
"తూముకి తాళం బానే ఉందండి, ఆయ్.
బోదె గట్టుకేం వేసారండీ?"

తెల్లారకుండా తీసుకెళ్ళాడు.
తూము దాటి మూడు మలుపులు.
గట్టుకి గండి,
దాని నోట్లో అరటిబోదె, మీద గడ్డి,
చప్పుడు లేకుండా జారిపోతున్న నీళ్ళు.
"తూము దాటాక ఇది ఎవరి మాటా వినదండి."

అక్కడే, మోకాలి లోతు చల్లదనంలో, తెలిసింది.
తలుపుకి మూడు చొక్కాలు తొడిగి
'ఆరో తూము ఇమ్మ'న్న ప్రతివాడి చేతిలో
లోపలి జాబితాని పచ్చిగా పెట్టి పంపాను.
ఇక వాడికి తలుపుతో పనేముంది?
ఆ చేతిలో ఏం కలిపినా
నేరుగా సంచిలోనే కలుస్తుంది.

ఆ రాత్రి బోదెలకీ తొడిగాను.
అడిగినప్పుడల్లా బయటికెళ్ళే ప్రతి జాబితాకీ
అవే మూడు, అదే వరసలో.
ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోయే వేలుందే, దానికి కూడా.
ఆ వేలు పోతూ పోతూ తుడిచెయ్యగలదు మరి.
సువార్తరాజు నవ్వాడు:
"పీతబొక్కలక్కూడా కుడతారా అండి చొక్కాలు?"
ఏమో. ఎక్కడో ఆపాలి.
ఎక్కడన్నది మాత్రం నేర్చుకోలేదింకా.

గురువారం రాత్రి మూడింటికి
నూకరత్నం మళ్ళోకి నీళ్ళెక్కాయి. చిట్టాలో ఉంది.
ఆ పైవచ్చిన రెండు పొలాలూ ఎవరివో
చిట్టాలో లేదు.
సువార్తరాజుకి తెలుసు. నాకూ తెలుసు.
ఏఈ గారు ఈవేళ నా బల్ల పక్కనుంచి
రెండుసార్లు ఊరికే నడిచారు.
మట్టిపెళ్ళ ఇంకా అక్కడే ఉంది,
అంచులు రాలుతూ.