లక్క

ఆవాలి క్లబ్బుల పాత చిల్లర్ విప్పుతుంటే
డక్టు ఎనక దొరికింది కర్రపెట్టె.
"కచరా, పారెయ్" అన్నడు సూపర్‌వైజర్.
పారెయ్యలే.

నలభై ఒక్క నల్లటి పళ్ళాలు.
ఒకటి అంచు విరిగి ఉంటే
లైటర్ మంట చూపి వాసన చూసిన.
లక్క!
అవుసులోని ముక్కు, మరుస్తదా.
కోరుట్లల మా నాయిన కుంపటి ముందర కూసోని
గుండ్లపేరుల నింపిన లక్క,
తూకంల కలిపిండని ఊరంతా తిట్టిన లక్క.

మోదుగు కొమ్మ మీద పురుగు కక్కిన బంక
ఓడెక్కి ఏ సీమకో పొయ్యి
దొరల బాజా కడుపుల పెట్టుకొని
నాకన్న ఎనభై ఏండ్ల ముందే
బహ్రెయిన్‌ల దిగింది.
దాని తాన ఏజెంటు ఎంత గుంజిండో.

ముహర్రక్ పాతసామాన్ల సందుల
చావి తిప్పే గ్రామఫోను దొరికింది,
రెండు నెలల ఓవర్‌టైము దానికే.
అమ్మిన ముసలి మినెజెస్‌ది గోవా,
ఒకప్పుడు అదే క్లబ్బుల శాక్సోఫోన్ ఊదినోడు.
లేబుల్ చదివి "ఫాక్స్‌ట్రాట్" అన్నడు,
రెండు వేళ్ళను బల్ల మీద నడిపించి చూపిండు:
స్లో... స్లో... క్విక్ క్విక్.

శుక్రవారం పొద్దున
ఏడుగురి రూముల, నా కింది మంచం మీద,
చావి తిప్పి సూది దించుత.
ముందుగాల పెనం మీద చినుకులు.
ఎనక పన్నెండు మంది ఒక్క ఊపిరి.
బాకాల మూతులు మూసి గొణిగిస్తరు,
క్లారినెట్ ఒకటి
ఎవరో పిలిచినట్టు మెట్లు దిగుతది.
పాటగాడు సగం దాక రాడు.
వస్తడు, నాలుగు ముక్కలు పాడుతడు, కూసుంటడు.
లేబుల్ మీద వాని పేరుండదు,
"గొంతుతో" అని మాత్రం రాసిండ్రట.
నేను చూసేది వాని తొవ్వే.
మూడు నిమిషాలు. అయిపాయె.

మొయిన్ భాయ్ నైట్‌డ్యూటీ చేసొచ్చి
"సచ్చినోళ్ళ బాజా" అని దుప్పటి కప్పుకుంటడు.
దుప్పటి అవతల కాలి బొటనవేలు
స్లో, స్లో, క్విక్ క్విక్.

ఆగస్టుల క్యాంపుకు రెండు రోజులు కరెంటు లేదు.
మనుషులం డాబా ఎక్కి పండుకున్నం.
పెట్టెల పళ్ళాలు అప్పడాలైనయి,
అన్నిట్ల ఎక్కువ వంకరపోయింది
నీలం లేబుల్‌ది, నా పానం.

లక్క బతిమాలితే వంగుతది,
బెదిరిస్తే పగుల్తదనేటోడు నాయిన.
రెండు కిటికీ అద్దాల నడుమ పెట్టి
మిట్టమధ్యాహ్నం డాబా మీద పరిచిన.
వంచిన ఎండతోనే సాపు చేయించిన.
నీడకు తెచ్చి, మీద
ఇరవై కిలోల బియ్యం సంచి పెట్టి,
డ్యూటీకి పొయ్యొచ్చిన.

రాత్రి సూది దించిన.
బ్యాండంతా పడవెక్కినట్టు ఊగుతున్నది.
ఆ ఊపులనే లేచి నిలబడ్డడు పాటగాడు,
తన వంతుకు సరిగ్గ.

మొయిన్ భాయ్ దుప్పటి తీసి
మొదటిసారి అడిగిండు,
"ఏమంటుండు వాడు?"

నాకు మాత్రం ఏం తెలుసు.
"చావి తిప్పమంటుండు" అన్న.