రెండో సూది

హన్మకొండ నరహరి వకీలు సాబ్ కారు
తాడు కట్టించుకొని మా షెడ్డుకొచ్చింది.
రెండే సీట్లు, పైన టాపు లేదు,
ఎర్రరంగు ఎలిసి తాలు మిరపకాయ అయ్యింది.
ఎనుమాముల నుంచి బస్తాలతో పోయే ఆటోలు
పక్కన బ్రేకులేసి
"అన్నా, ఇది నడుస్తదా, బొమ్మనా?" అని అడిగి పోయినై.

బానెట్ లేపితే
కవలపిల్లల్లెక్క రెండు కార్బురేటర్లు.
ఎడమది బాగనే ఊపిరి తీస్తది.
కుడిది తాగుబోతు,
తాగినంత తాగి మిగిలింది ఇంజిన్ మీద కక్కుతది.

విప్పిన.
ఫ్లోటు, గదే ఇత్తడి బుడ్డ,
చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు గలగల.
వేడినీళ్ల గిన్నెల ముంచితే
ఒక్కటంటే ఒక్క బుడగ,
ఆవగింజంత, ఆగి ఆగి పైకొచ్చింది.
దొరికినవ్ బిడ్డా అనుకున్న.

అతుకు పెట్టుడు ఎంతసేపు, కానీ
మా చేతి సీసం చుక్క పడితే బరువైతది,
బరువైతే మునుగుతది,
మునిగితే మళ్ల అదే తాగుడు.
పొద్దుగాల బస్సెక్కి కరీంనగర్ పోయిన.
వెండితీగతోని నెమళ్లు అల్లే సదానందాచారి
అద్దాలు నుదుటి మీది నుంచి దించి
"దీనికి ముక్కు కుట్టిందెవరయ్యా" అని నవ్విండు.
ముందుగల తూకమేసిండు.
ఊదుగొట్టంతోని ఊదిండు, గీకిండు,
మళ్ల తూకం.
సగం గురిగింజ కూడ పెరగలే.
పైసలెంతంటే
ఒకసారి బండి తీస్కరా, చూస్త అన్నడు.

గాలితలుపు ఇరుసు అరిగితే
కాజీపేట లోకోషెడ్డుల రిటైరైన కొమ్మాలన్న
ఇంటెనుక లేతు మీద కంచు బుష్ తిప్పిచ్చిండు.
కార్కు వాషర్లకు
హోమియో డాక్టరు కాడ బిరడాలు అడుక్కొచ్చి కోసిన.

మిగిలింది సూది.
పిస్టన్ కింద వేలాడే సన్నటి సూది,
మొదట లావు, పోను పోను సన్నం,
ఏ వేగానికి ఎంత పెట్రోలో దానికే ఎరుక.
ఎడమదాని మీద కంపెనీ నంబరున్నది.
కుడిదాని మీద లేదు.
భూతద్దం పెట్టి చూస్తే
ఇత్తడి తొడుగుల నుంచి మరలు కనపడ్డయ్.
సైకిల్ పుల్ల!
ఒళ్లంతా ఆకురాయి గీతలు, అన్నీ ఎడమకు వాలినై.

ఈ ఊళ్లె ఎడమచేత్తో ఆకురాయి పట్టినోడు ఒక్కడే,
మా యాకూబ్ ఉస్తాద్.
నా చెంప మీద పడ్డది కూడ ఆ చెయ్యే.
వకీలు సాబ్‌ను అడిగితే
"ఎన్కట మేడారం దారిల ఆగింది, ఎవరో చేసిండ్రు,
నేను తిని పండుకున్న" అన్నడు.

వకీలు సాబ్ ఇంగ్లండు నుంచి తెప్పించిండు అసలు సూది,
నలభైఒక్క రోజులకు వచ్చింది,
దూది మీద పండుకొని, నంబరుతోని, పెండ్లికొడుకులెక్క.
వేసిన.
ములుగు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు,
వెనుక నల్లటి పొగ,
ప్లగ్గులు తీస్తే మసి.
జెట్టు రంధ్రం అరిగి అరిగి గుండ్రం తప్పింది.
పుస్తకంల ఉన్న సూది
పుస్తకంల ఉన్న రంధ్రానికే సరిపోతది.

పాత పుల్ల మళ్ల దించిన.
రబ్బరు గొట్టం చెవికి పెట్టుకొని
ఎడమదాని ఊపిరి విన్న, కుడిదాని ఊపిరి విన్న,
స్క్రూ కొద్దిగ, ఇంకింత కొద్దిగ.
ఎప్పుడో తెల్వది,
రెండూ ఒక్కటే సవ్వడైనై.
గొట్టం తియ్యబుద్ధి కాలే.

వకీలు సాబ్ అడిగిండు: "కొత్తదే వేసినవ్ కదా?"
కొత్తదాన్ని దూదిల పెట్టి ఆయన చేతికిచ్చిన.
ఆయనేమనలే. నేనూ ఏం చెప్పలే.

రేపో ఎల్లుండో ఈ పుల్ల కూడ అరుగుతది.
బండి పోయే ముందుగల్ల దాన్ని ఇంకోసారి తీసి
మైక్రోమీటరుతోని పదమూడు చోట్ల కొలిచి
షెడ్డు గోడ మీద బొగ్గుతోని రాసిన.
ఏడో కాడ చిన్న నొక్కున్నది.
చెయ్యి జారిందో,
కావాలనే తీసిండో.
అది కూడ రాసిన.