దిగువ

సావా నది మీద ముప్పై ఎనిమిదేళ్ళు బల్లకట్టు నడిపాను.
ఎగువన ఎవరి పాక కూలినా
మూడో రోజుకి దాని తలుపు
నా తాడుకొచ్చి తగులుకునేది.
అందుకే డాక్టర్ యద్రాంకా
కాగితం మీద నా ఒళ్ళు గీసి
ఇది కిడ్నీ, ఇది నాళం, అడుగున ఈ సంచి అంటూ
పెన్ను కిందికి లాగినప్పుడు
చెప్పకముందే తెలిసిపోయింది నాకు.

ఎడమ కిడ్నీ, నాళం మొత్తం,
సంచిని కరుచుకున్న చివరి ముక్కతో సహా
ఏప్రిల్లో తీసేశారు.
గొట్టం తీసేముందు సంచిలోకి మందు పోసి
గంటసేపు ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లమన్నారు,
వరద తీశాక బావిలో సున్నం వేసినట్టు.

"ఐతే అయిపోయినట్టేగా" అంది తోన్కా.
డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడిచింది.
చాలాసేపు తుడిచింది.

నీ గడ్డ నాళంలో బాగా కిందుంది బ్లాజ్.
ఒకటి కాదు, రెండు.
కోసేముందు గొట్టంతో లోపలికెళ్ళి చూశాం, తప్పలేదు,
మేం వెళ్ళిన దారే కణాలకీ దారై ఉండొచ్చు.
మూత్రంలో అప్పటికే చెడ్డవి కనబడ్డాయి.
పైగా మగవాడివి.
ఇక ఆ జేబులో డబ్బా గురించి నాచేత చెప్పించకు.

జేబు మీద చెయ్యేసుకున్నాను,
ఇంట్లో దాచిన దొంగ దగ్గినట్టు.

ముగ్గురిలో ఒకరికి, అటూ ఇటుగా,
సంచిలో మళ్ళీ మొలుస్తుందట.
ముగ్గుర్ని ఎక్కించుకుని ఎన్నిసార్లు దాటించానో,
ఎవరు తడుస్తారని
ఒక్కసారీ లెక్కెయ్యలేదు.

మా గోధుమ చేలో ఒక కలుపుండేది,
గుండెలాంటి ఆకు, పసుపు పూత.
దాని గింజ గోధుమతో పాటే మరకెళ్ళేది.
నాన్న కిడ్నీలతోనే పోయాడు, కాతా అత్త కూడా.
నేల మంచిది కాదన్నారు, నూతి నీళ్ళన్నారు.
ఇప్పుడు ఆ గింజే అంటున్నారు.
కావచ్చు.
కానీ అది నమ్మాలంటే
అమ్మ చేతి రొట్టెని అనుమానించాలి,
ఈ వయసులో అది నావల్ల కాదు.

జూలైలో కెమెరా పెట్టి చూశారు.
తెర మీద ఎర్రటి గుహ,
దాని గోడ మీద నా సొంత నీళ్ళ మెరుపు.
ఊపిరి బిగబట్టింది నేనో, డాక్టరమ్మో.
"ప్రస్తుతానికి ఏమీ లేదు."
ఆ మొదటి మాట మీదే కూర్చుని
బస్సులో ఇంటిదాకా వచ్చాను.

రేవులో ఇప్పుడెవరో కుర్రాడు తాడు లాగుతున్నాడు,
తప్పుగా లాగుతున్నాడు.
నడి నదిలో డబ్బా తీసి
విసరబోయి ఆగాను.
దిగువన ఊళ్ళున్నాయి.

తోన్కా మాట్లాడకుండా చెయ్యి చాపింది.
డబ్బా తన సంచిలో వేసుకుని
"అక్టోబర్ తొమ్మిది" అంది, "పొద్దున్నే బస్సు."