టెన్షన్

మా మిషన్ మీద టెన్షన్ అంటే
సూదికి పైన చిన్న తిరుగుడు బిళ్ళ.
బిగిస్తే దారం తెగుతుంది,
వదిలేస్తే గుడ్డ కింద ఉండలు కడుతుంది.
పాత చాకలిపేటలో ఇరవై ఏళ్ళుగా
నైటీలకి అంచులు కుడుతున్నదాన్ని,
ఆ మాట నాకెవరూ నేర్పక్కర్లేదు.

అయినా ముగ్గురు డాక్టర్లు నేర్పారు.
"పదకొండో తరగతి కదమ్మా. టెన్షన్."

ఇందుజ మెట్ల మీద కూలబడిన రోజు
చేతిలోని పచ్చ ప్లాస్టిక్ బిందె
రెండంతస్తులు దొర్లుకుంటూ పోయింది.
నేను ముందు బిందె కోసమే అరిచాను.
అదీ చెప్పాలి.

"గొంతులో కొట్టుకుంటోందమ్మా" అంది.
గుండె గొంతులో ఎందుకుంటుందే, అన్నాను.

తప్పు నా ఒక్కదానిదే కాదు, మా మాటలది కూడా.
మా ఇళ్ళల్లో గుండె జారుతుంది, ఝల్లుమంటుంది,
చెరువవుతుంది, రాయవుతుంది,
పక్కింటి కుక్కరు కూతకి సైతం ఆగిపోతుంది.
ఇన్నిసార్లు ఆగి మళ్ళీ నడిచినదాన్ని
ఈసారి నిజమని ఎవరు నమ్ముతారు?

నాలుగో డాక్టరమ్మ అరవంలో అడిగింది:
మెల్లగా మొదలవుతుందా, ఒక్కసారిగానా?
పొయ్యి రాజుకున్నట్టా, స్విచ్ వేసినట్టా?
"స్విచ్" అంది ఇందుజ.
ఆమె పెన్ను ఆగింది.
ఒకరి పెన్ను ఆగడం అదే మొదటిసారి చూశాను.

ఒంటికి ఐదు తీగలు అంటించి
నడుముకి డబ్బా కట్టారు, ఒక పగలు ఒక రాత్రి.
మిగిలిన నీలం పాప్లిన్‌తో
డబ్బాకి సంచి కుట్టాను నేను.
ఏం చేసినా టైము వేసి రాయమన్నారు.
దాని చేతిరాత:
6.10 నీళ్ళ లారీ. క్యూ.
8.40 బస్సు. సీటు లేదు.
11.15 కెమిస్ట్రీ. ఏమీ లేదు.
4.30 అమ్మ చూస్తోంది.
4.50 ఇంకా చూస్తోంది.

ఉక్కకి రెండు బిళ్ళలు ఊడితే మళ్ళీ అతికించాం.
ఆ రోజంతా దాని గుండె
బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు
చేతులు కట్టుకుని కూర్చుంది.
రిపోర్టు చూసి వాళ్ళ నాన్న ఊపిరి వదిలాడు.
నేను వదల్లేదు.
మెకానిక్ ముందు మిషన్ ఎప్పుడూ కుట్టు తప్పదు.
అతను సైకిలెక్కి సందు మలుపు తిరగాలి,
అప్పుడు తప్పుతుంది.

మింట్ బస్టాండులో, మంగళవారం,
"వచ్చింది" అంది, చుట్టమెవరో వచ్చినట్టు.
మణికట్టు పట్టుకున్నాను.
పెడల్ మీద కాలు ఇరుక్కుపోయిన మోటారు మిషన్,
గుడ్డ లేకుండా, ఊరికే, పరుగు.
ఆటో. సందు చివర క్లినిక్.
కాగితం వస్తూనే ఉంది,
గీతలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ.
రెండొందల పది.
నేను ఏడ్చాను.
అది పెదాలు పాలిపోయి, చెమటలో తడిసి, నవ్వింది:
"దొరికింది!"

పుట్టుకతోనే లోపల ఒక పోగు ఎక్కువుందట.
కరెంటు అందులోంచి వెనక్కి మళ్ళి
గిర్రున తిరుగుతుందట.
తొడలోంచి తీగ పంపి
ఆ ఒక్క పోగునీ కాల్చేస్తారట.
తేదీ ఇంకా ఇవ్వలేదు.
వెయ్యి నైటీలకి కొసలు కత్తిరించిన చెయ్యి నాది.
ఆ కొస ఎలా మిగిలిపోయిందో
రాత్రి దీపం కింద వేళ్ళు చూసుకుంటాను.

డాక్టరమ్మని ఇందుజ ఒక్కటే అడిగింది.
"టెన్షన్ కాదు అని రాసివ్వండి."
ఆమె రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేసింది.
జిరాక్సు కొట్టుకి తనే వెళ్ళింది.
ఒకటి పీటీ సారుకి.
ఒకటి క్లాసు టీచరుకి.
మూడోది తెచ్చి నా మిషన్ మీద పెట్టింది,
ఏమీ అనలేదు.

నాలుగు మడతలు పెట్టి
బాబిన్ల డబ్బాలో దాచాను.
దారం మార్చినప్పుడల్లా చేతికి తగులుతుంది.